ఆడిన వస్తువు మీద సంతకం అడిగే ముందు

  ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా చదవండి.

వారం రోజులుగా గ్రూపులో ఒక మాట నడుస్తోంది. పేరున్న ఆటగాడెవరైనా మ్యాచ్‌లో వాడిన బ్యాటో, జెర్సీయో సంపాదించి, దాని మీద ఆయన చేత సంతకం పెట్టించి, వార్షికోత్సవంలో వేలం వేసి, వచ్చిన డబ్బు పిల్లల చదువుల నిధికి వేద్దామని. ఉద్దేశం మంచిదే. వేలం వద్దని నేను అనను. నాకున్న పేచీ అంతా అడిగే తీరు గురించే. "సంతకమే కదన్నా, ఆయనకు పోయేదేముంది?" అని ఒక తమ్ముడు రాశాడు. దానికి వెంటనే ఇరవై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. పోయేదేముందో చెబుదామనే ఇది రాస్తున్నాను.

కొత్త బంతి మీద సంతకం వేరు, ఆడిన బంతి మీద సంతకం వేరు. కొత్తది చేతికిస్తే ఆటగాడు దాని వంక చూడను కూడా చూడడు. పక్కవాడితో మాట్లాడుతూనే గీసి ఇచ్చేస్తాడు. అదే తాను ఆడిన బ్యాటు చేతికిస్తే అటూ ఇటూ తిప్పుతాడు. పిడి దగ్గర టేపు చూస్తాడు, అంచున బంతి తగిలిన మచ్చ చూస్తాడు. మన ఛత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసిన పెద్దాయన ముందు ఆయన పాత నాడె తెచ్చి పెట్టి చూడండి. అరిగిన చోటును వేలితో తడమకుండా ఉంటాడేమో! ఆ వస్తువు ఆయనకు జ్ఞాపిక కాదు, పనిముట్టు. మనం అభిమానంతో తెచ్చామనుకుంటాం. ఆయన మాత్రం తన పనిముట్టు పరాయివాళ్ల చేతిలో ఎందుకుందా అని చూస్తాడు.

1926లో మన సి.కె. నాయుడు బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ మీద 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. మెచ్చుకుని ఆయనకు వెండి బ్యాటు ఇచ్చారు. వెండి బ్యాటు అల్మారాలో పెట్టుకోవడానికి. సిక్సర్లు కొట్టింది మాత్రం కర్ర బ్యాటు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆటగాడికి తెలిసినట్టు మనకు తెలియదు.

అలా తెచ్చి అడిగినప్పుడు ఆటగాళ్లు ఎలా స్పందిస్తారు? నేను చూసింది, చదివింది కలిపి చెబితే నాలుగు రకాలు. ఒకరు మురిసిపోతారు. "ఇది ఫలానా మ్యాచ్‌ది కదా" అని కథ మొదలుపెడతారు. ఇంకొకరి ముఖం మారిపోతుంది, మొదటి మాటే "ఇది నీకెక్కడిది?" అని. మూడో రకం సంతకం పెడతారు కానీ, అడిగినవాడి పేరు కూడా దాని మీదే రాస్తారు. నాలుగో రకం నవ్వుతూనే తిరిగి ఇచ్చేస్తారు, సంతకం ఉండదు. మనవాళ్లు మొదటి రకాన్ని "మంచి మనిషి" అంటారు, మిగతా ముగ్గురినీ "తలకెక్కింది" అంటారు. ఇది న్యాయం కాదు. ఆ ముగ్గురికీ తగిన కారణాలున్నాయి.

"ఎక్కడిది?" అన్న ప్రశ్ననే తీసుకోండి. 2017 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ గెలిచిన రాత్రే టామ్ బ్రేడీ జెర్సీ డ్రెస్సింగ్ రూమ్‌లోంచి మాయమైంది. మార్చిలో మెక్సికోలో దొరికింది. తీసుకెళ్లింది ఒక పత్రికాధిపతి, మ్యాచ్ రాయడానికని పాసుతో లోపలికి వచ్చిన పెద్దమనిషి. ఆయన దగ్గరే బ్రేడీ 2015 ఫైనల్ జెర్సీ కూడా బయటపడింది. తెలిసినవాళ్లే దొంగిలించే లోకంలో, తన వస్తువు ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో కనబడితే ఆటగాడు అనుమానించడా? అది గర్వం కాదు, జాగ్రత్త.

పేరు రాసి ఇచ్చేవాళ్ల సంగతి ఇంకా తేలిక. వస్తువు మీద "ఫలానా వాడికి ప్రేమతో" అని ఉంటే బజారులో దాని ధర పడిపోతుంది. ఇంట్లో పెట్టుకునేవాడికి మాత్రం దాని విలువ పెరుగుతుంది. అంటే ఆటగాడు ఒక్క పేరుతో నిన్ను పరీక్షించాడన్నమాట. పేరు రాస్తానంటే సంతోషించేవాడు అభిమాని. "పేరు వద్దు సార్, సంతకం చాలు" అనేవాడు ఎందుకు వచ్చాడో ఆయనకు అప్పుడే తెలిసిపోతుంది.

సంతకం పెట్టనివాళ్ల వెనుక మోసాల చరిత్ర పెద్దదే ఉంది. 1990ల చివర అమెరికాలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ అనే పేరుతో నకిలీ ఆటోగ్రాఫుల ముఠాలను పట్టుకుంది. శాన్ డియాగోలో టోనీ గ్విన్ అనే గొప్ప బేస్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. ఆయన సొంత జట్టు దుకాణంలోనే ఆయన పేరుతో నకిలీ సంతకాలు అమ్ముతున్నారని ఆయనే కనిపెట్టాడు! ఆ తర్వాతే 2001లో అక్కడి బేస్‌బాల్ సంస్థ కొత్త పద్ధతి తెచ్చింది. ప్రతి మ్యాచ్‌కూ ఒక సాక్షి కూర్చుంటాడు. బంతి, బ్యాటు ఆటలోంచి బయటికి రాగానే తన కళ్లతో చూసినదానికి మాత్రమే నంబరున్న హోలోగ్రామ్ స్టిక్కర్ అంటిస్తాడు. మన దేశంలో కుర్రవాళ్లు చేసే ఐపీఎల్ జెర్సీ బేరాల్లో అలాంటి సాక్షి ఎవరున్నారు? మన వేదిక మీద "ఇది ఆయన ఆడిన బ్యాటే" అని మైకులో చెప్పాలంటే ఎవరి మాట మీద చెబుతాం? నమ్మి డబ్బు పెట్టేది మన బంధువులే. రేపు అది ఉత్తుత్తిదని తేలితే పోయేది ఆటగాడి పరువు కాదు, సంఘం పరువు.

ఇక మనకు బాగా దగ్గరి ఉదాహరణ. చెన్నైలో పుట్టి పెరిగిన భవానీ దేవి. అమ్మానాన్నల సొంతూరు అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని సామర్లకోట. మనలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం ఉన్న కుటుంబం అనుకోండి. టోక్యో ఒలింపిక్స్‌లో కత్తిసాము ఆడిన తొలి భారతీయురాలు. మొదటి పోటీలో ట్యునీషియా అమ్మాయిని 15-3తో ఓడించింది. రెండోదాంట్లో ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. ఓడిన రోజే దేశానికి క్షమాపణ చెబుతూ ట్వీట్ పెట్టింది. నేర్చుకునే రోజుల్లో అసలు కత్తులు పోటీలకు దాచుకుని, వెదురు కర్రలతో సాధన చేసిన పిల్ల. అలాంటి పిల్లకు కత్తి అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి.

ఆ కత్తి మీద తన సంతకం చేసి ఆమె ప్రధానికి బహూకరించింది. 2021 సెప్టెంబరు 17 నుంచి అక్టోబరు 7 వరకు జరిగిన ఈ-వేలంలో దానికి రూ.1.25 కోట్లు పలికింది. నీరజ్ చోప్రా జావెలిన్ రూ.1.5 కోట్లకు పోయింది. మన సింధు టోక్యోలో ఆడిన రాకెట్ కూడా అదే వేలంలో ఉంది, ప్రారంభ ధరే రూ.80 లక్షలు. డబ్బు గంగా నది శుద్ధి పథకానికి వెళ్లింది. గమనించండి, పతకం రాని అమ్మాయి కత్తికి కోటీ పాతిక లక్షలు! జనం కొన్నది ఇనుమును కాదు, ఆ పోటీని, ఆ సంతకాన్ని, ఆ కథను. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే కత్తి తనది, చేయి తనది, ఇవ్వాలన్న నిర్ణయం తనది. అందుకే ఆ సంతకానికి అంత బరువు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియా అడవుల్లో మంటలు చెలరేగినప్పుడు షేన్ వార్న్ తన టెస్టు టోపీని వేలానికి పెట్టాడు. 2020 జనవరిలో అది 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. పోలండ్ జావెలిన్ అమ్మాయి మరియా ఆంద్రేచిక్ టోక్యోలో గెలిచిన వెండి పతకాన్ని, తనకు పరిచయం లేని ఒక పసివాడి గుండె ఆపరేషన్ కోసం వేలం వేసింది. కొన్న దుకాణాల సంస్థ డబ్బిచ్చి పతకం ఆమె దగ్గరే ఉంచేసింది. ఈ రెండు చోట్లా మంచి పని కోసం వస్తువును వదులుకున్నది ఆటగాళ్లే. వాళ్ల బదులు మనం వదులుకుంటే అది దానం అవుతుందా? ఎదుటివాడి జేబులోంచి తీసి హుండీలో వేయడం అవుతుంది.

ఎదురు మాట నాకు తెలుసు. "ఒకసారి ఇచ్చేశాక వస్తువు మనదే, ఏం చేసుకుంటే ఆయనకెందుకు?" అంటారు. చట్టం లెక్కన నిజమే. 1986 ప్రపంచకప్‌లో మారడోనా చేత్తో గోల్ వేసిన మ్యాచ్ అయ్యాక ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ ఆయనతో జెర్సీ మార్చుకున్నాడు. చాలా ఏళ్లు మ్యూజియంలో జనం చూడటానికి ఉంచి, చివరికి 2022 మేలో 71 లక్షల పౌండ్లకు అమ్మాడు. ఆయన అమ్మడం తప్పని నేను అనను. అయితే అప్పుడు కూడా మారడోనా కుటుంబం "అది ఆ జెర్సీ కాదు" అంది. వేలం సంస్థ మ్యాచ్ ఫోటోలతో గుడ్డ మీది గుర్తులను పోల్చి చూపించాల్సి వచ్చింది. చేతి నుంచి చేతికి మారినదానికే అంత రుజువు కావాలంటే, ఎవరో బ్రోకర్ వాట్సాప్‌లో పంపిన ఫోటోకు ఎంత కావాలి? పైగా ముందు "ఇంట్లో పెట్టుకుంటాం సార్" అని చెప్పి తర్వాత వేలం వేస్తే, అది చట్టానికి దొరక్కపోవచ్చు. మాట తప్పడమే అవుతుంది.

ఎలా అడగాలో నేర్చుకోవాలంటే మన చెపాక్‌నే గుర్తు చేసుకోండి. 2023 మే 14న కోల్‌కతాతో ఆడి చెన్నై ఓడిపోయింది. అయినా ధోనీ జనానికి దండం పెడుతూ మైదానం చుట్టూ నడుస్తున్నాడు. అప్పుడు సునీల్ గవాస్కర్, అంతటి గవాస్కర్, దగ్గరికి వెళ్లి తన చొక్కా మీద సంతకం అడిగాడు. ధోనీ ఆ గుండె దగ్గరే సంతకం పెట్టి ఆయన్ను కౌగిలించుకున్నాడు. గవాస్కర్ ధోనీ గ్లవ్స్ అడగలేదు, బ్యాటు అడగలేదు. తన చొక్కానే ముందు పెట్టాడు. నీ వస్తువు నాకివ్వు అనడం వేరు, నా వస్తువు మీద నీ గుర్తు పెట్టు అనడం వేరు.

అందుకని కార్యవర్గం ముందు నేను పెట్టేది ఇది. సంఘం పేరుతో ఏ ఆటగాడిని అడిగినా, వేలానికని మొదటి మాటలోనే చెప్పాలి. ఆడిన వస్తువు కావాలంటే బయట కొని తీసుకెళ్లకూడదు, ఆయన్నే అడగాలి. ఇస్తే ఏ మ్యాచ్‌దో ఆయన చేతి రాతతో ఒక కాగితం తీసుకోవాలి. సంతకం పెడుతుండగా ఫోటో తీసి కాగితంతో కలిపి కొన్నవాళ్లకు ఇవ్వాలి. వద్దంటే టీ తాగి, దండం పెట్టి వచ్చేయాలి. ఆ తర్వాత గ్రూపులో ఆయన గురించి ఒక్క మాట కూడా రాయకూడదు.

ఇంకొక సంగతి. పేరున్నవాళ్ల వెంట పడేముందు మన ఇళ్లలోకి చూడండి. జిల్లాకు కబడ్డీ ఆడిన మామలు, మిల్లు టీముకు వాలీబాల్ ఆడిన బావలు, యూనివర్సిటీకి పరుగెత్తిన అక్కలు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ల జెర్సీలు ఇప్పుడు ఎక్కడున్నాయి? చాలావరకు బండి తుడిచే గుడ్డలయ్యాయి. బూట్లు పాత సామాన్లవాడికి పోయాయి. ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్లూ దాచుకోలేదు. సంఘం హాలులో ఒక అద్దాల బీరువా పెడదాం. మిగిలినవి ఏవైనా ఉంటే తెమ్మని అడుగుదాం. దాని మీద సంతకం పెట్టమని వాళ్లకు మార్కర్ పెన్ను అందిద్దాం. ఆడిన సంవత్సరం, ఊరు, గెలిచారో ఓడారో ఒక చీటీ మీద రాసి పక్కన పెడదాం. అవి మాత్రం వేలానికి కాదు.

బీరువాకు అయ్యే ఖర్చులో నా వంతు వచ్చే సమావేశం రోజే కోశాధికారి చేతికి ఇస్తాను. మీరూ రండి. రాలేనివాళ్లు ఇంట్లో అటక మీద ఏముందో చూసి కింద కామెంటులో రాయండి. నా మాటతో ఏకీభవించనివాళ్లు కూడా రాయండి. మర్యాద తప్పనంత వరకు ఎంత గట్టిగానైనా వాదించుకుందాం.