కాన్సర్ పేరు చెప్పి కడుపు కోస్తున్నారు!

మొన్న పండక్కి వరంగల్ వెళ్ళినప్పుడు నర్సంపేట దగ్గరున్న మా చిన్నమ్మని చూడ్డానికి వెళ్ళా. ఇంకా నలభై దాటలేదు, లేవాలంటే మోకాళ్ళు పట్టుకుంటోంది.

"గర్భసంచి ఎందుకు తీయించుకున్నవ్ చిన్నమ్మా?" అనడిగా.

"తీసెయ్యకుంటే కాన్సర్ అయితదన్నరు బిడ్డా. పక్కనున్నయి గూడ తీసేసిన్రు."

బయాప్సీ రిపోర్టేదీ అంటే... అసలా పరీక్షే చెయ్యలేదట!!

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఆడవాళ్ళకి మాత్రమే ప్రత్యేకంగా రోగాలొస్తాయా ఏంటి?

"పిల్లలు పుట్టేశారుగా, ఇంకా దాంతో పనేముంది?" అంటారు కొందరు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎవరెవరు వాడుతున్నారో చూడకుండా ప్రొడక్షన్ లోంచి ఓ మాడ్యూల్ పీకెయ్యడం ఇది. అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్‌ని ఎముకలూ, రక్తనాళాలే కాదు, రోగనిరోధక కణాలు కూడా అందుకుంటాయి. కాన్సర్ కణాల్ని చంపే టీ కణాలమీద సెక్స్ హార్మోన్ల ప్రభావం ఉంది. మగ హార్మోన్ ఆ కణాల జోరు తగ్గిస్తుందనీ, దాన్ని అడ్డుకుంటే ఇమ్యూనోథెరపీ మెరుగ్గా పనిచేస్తుందనీ 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఎలుకల్లో చూపించింది.

అలాగని ఈస్ట్రోజెన్ దేవత అనట్లేదు నేను. కొన్ని రొమ్ము కాన్సర్లు దాన్ని తినే పెరుగుతాయి. బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్ళకి అండాశయాలు తీసెయ్యడం ప్రాణం కాపాడొచ్చు. కానీ అది పరీక్ష చేసి, లెక్క చూసి తీసుకునే నిర్ణయం. అందరికీ ఒకే మందులచీటీ కాదు.

లెక్కంటే గుర్తొచ్చింది. అమెరికా నర్సుల అధ్యయనంలో, కాన్సర్ కాని కారణాలకి గర్భసంచి తీయించుకున్న 29,380 మందిని 24 ఏళ్ళు గమనించి 2009లో ఫలితాలు వేశారు. అండాశయాలు కూడా తీయించుకున్నవాళ్ళలో అండాశయ, రొమ్ము కాన్సర్లు తగ్గాయి. కానీ గుండెజబ్బు, ఊపిరితిత్తుల కాన్సర్ పెరిగాయి. మొత్తం కాన్సర్ మరణాలు కూడా పెరిగాయి! ఇలాంటి అధ్యయనం కారణాన్ని ఖాయంగా తేల్చదు, నిజమే. కానీ "తీసేస్తే కాన్సర్ భయం పోతుంది" అనే మాటకి ఆధారం మాత్రం ఇందులో దొరకదు.

అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చెయ్యమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. బావుంది. కానీ పొలం పనికి పోయే చిన్నమ్మ సుప్రీంకోర్టు తీర్పు చదువుతుందా? చదువుకున్న మనమే పక్కనుండి అడగాలి. కాన్సర్ అని ఏ పరీక్షలో తేలింది? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచొచ్చా?

ఈ మూడిటికీ జవాబు చెప్పకుండా విసుక్కుంటే, ఫైలు తీసుకుని లేచి వచ్చేయండి. ఇంకో డాక్టరు దొరుకుతారు. తీసేసిన అండాశయం మాత్రం దొరకదు.