మెరుపు లెక్క తేలాకే అనుమతి

ఎల్లంతకుంటలో పొద్దుగూకాక అనంతగిరి జలాశయం కట్ట మీద నిలబడితే గొర్రుకొయ్యలు, పిల్లలకోడి ఇంకా కనిపిస్తాయి. వాటి మధ్య మిణుకుమనకుండా సాగిపోయే చుక్కలు ఉపగ్రహాలు. మనకు చీకటి పడినా, ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తున వాటికి ఎండ తగులుతూనే ఉంటుంది. ఆ ఎండలో ఏది ఎంత మెరుస్తోందో కొలవకుండా గుంపులు గుంపులుగా పంపడం ఆపాలి. ఈ మాట ముందుగా మన శ్రీహరికోటకే చెప్పాలి.

2025 డిసెంబరు 24న అక్కడి నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ అమెరికా కంపెనీ ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ తయారుచేసిన బ్లూబర్డ్ బ్లాక్-2ను కక్ష్యలో పెట్టింది. దాని యాంటెన్నా 223 చదరపు మీటర్లు, అంటే రెండు గుంటల పైచిలుకు. అదే కంపెనీ 2022లో పంపిన బ్లూవాకర్-3 యాంటెన్నా 64 చదరపు మీటర్లే. అయినా వివిధ దేశాల పరిశీలకులు కొలిస్తే దాని ప్రకాశ పరిమాణం ఒక దశలో 0.4కు చేరింది. ఈ అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. మన కంటికి అందే హద్దు 6. ఉపగ్రహాలు 7 కంటే మసకగా ఉండాలని అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య కోరుతోంది. అంటే బ్లూవాకర్ సమాఖ్య కోరిన హద్దుకు నాలుగు వందల రెట్లకు పైగా మెరిసింది.

ఈ ఉపగ్రహాల వల్ల టవర్ లేని ఊరికీ ఫోన్ సిగ్నల్ రావడం మంచిదే, దాన్ని మేం వద్దనడం లేదు. కానీ కొలత ఉన్నచోటే కంపెనీలు దిగివచ్చాయి. 2019లో స్టార్‌లింక్ ఉపగ్రహాల వరసలు చూసి ఖగోళవేత్తలు లెక్కలు ముందు పెట్టాకే, 2020 జనవరిలో నల్లపూత వేసిన ఉపగ్రహం వెళ్లింది. టెలిస్కోపులతో చూస్తే దాని మెరుపు సుమారు సగం తగ్గినట్టు తేలింది.

ఇలా కొలవడం మనకు అందని విద్యేమీ కాదు. టెలిస్కోపుకు కెమెరా బిగించి ఉపగ్రహాన్ని ఫొటో తీస్తారు. వెలుగు ముందే తెలిసిన నక్షత్రాలతో పోలుస్తారు. దూరాన్ని, సూర్యుడి కోణాన్ని లెక్కగట్టి సరిచేస్తారు. ఒక్క రాత్రి చూస్తే చాలదు. ఒక కోణంలో మసకగా ఉన్నదే మరో కోణంలో అద్దంలా తళుక్కుమంటుంది. ఏ రేకు ఎంత వెలుగును తిప్పికొడుతోందో తెలియాలంటే పదేపదే చూడాల్సిందే. చిన్న టెలిస్కోపుతో సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల కాలేజీ పిల్లలు కూడా పనికొచ్చే కొలతలు తీయగలరు. హైదరాబాద్ నిజామియా వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కించి అంతర్జాతీయ నక్షత్ర పటానికి అందించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నెలకొల్పింది. ఆ వారసత్వం ఉన్న నేల మనది.

అంతరిక్ష ప్రయోగాలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ మెరుపు పరిమితిని షరతుగా పెట్టాలి. గుంపులో మొదటి ఉపగ్రహాన్ని కంపెనీతో సంబంధం లేనివాళ్లు కొలవాలి, ఫలితాలు బయటపెట్టాలి, హద్దు దాటితే మిగతావాటిని ఆపాలి. విదేశీ ఉపగ్రహాన్ని మోసుకెళ్లేందుకు చేసుకునే ప్రతి ఒప్పందంలో ఇస్రో ఈ షరతు రాయించాలి. జపాల్-రంగాపూర్‌ను ఈ పనికి సిద్ధం చేసే నిధులు తెలంగాణ ప్రభుత్వం వచ్చే బడ్జెట్‌లోనే కేటాయించాలి.