బోర్డు బొమ్మ బయట పెట్టండి

కన్సోల్ కొన్నవాళ్లకు, పిల్లలకు కొనిపెట్టిన తల్లిదండ్రులకు, బల్ల ముందు సోల్డర్ పొగ పీల్చే మెకానిక్ అన్నదమ్ములకు:

పోయిన నెల ఒక తండ్రి సంచిలో గేమ్ కన్సోల్ వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకాలే ఇంటర్ చదివే కొడుకు, తల దించుకుని. వాడు ఇంట్లో పాతిక వాట్ల ఐరన్‌తో మోడ్ చిప్, అంటే కంపెనీ పెట్టిన తాళాలను దాటించే చిప్, వేయబోయాడు. డబ్బా చచ్చింది. లైటు లేదు, ఫ్యాను లేదు. నా దగ్గరికి రాకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లొచ్చారు. అక్కడి మనిషి స్క్రూ మీది స్టిక్కర్ చిరిగి ఉండటం చూశాడు, అంతే. "ఇది మేం ముట్టుకోం సార్, కొత్తది తీసుకోండి" అన్నాడట. ఆ తండ్రి వారంటీ అడగలేదు. ఎంతయితే అంత ఇస్తాను, చేసిపెట్టమన్నాడు. అయినా అదే మాట.

పిల్లాడిది తప్పే. ఇప్పటి బోర్డుల మీద ఉండేది సీసం లేని సోల్డర్. పాతది 183 డిగ్రీల దగ్గరే కరిగేది, దీనికి 217 దాటాలి. పైగా గ్రౌండ్ రాగి వేడినంతా లాగేస్తుంది. కరగడం లేదని చిన్న ఐరన్‌తో ఇంకాస్త నొక్కితే ప్యాడ్ రాగితో సహా లేచొస్తుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఇలా ఎన్ని పాడుచేశానో మా గురువుగారికే తెలుసు. కానీ ఒక ప్యాడ్ లేచినందుకు డబ్బా మొత్తం చెత్తబుట్టలో వేయాలా?

బల్ల మీద పెట్టి చూశాను. అడాప్టర్ వోల్టేజీ సరిగ్గానే ఇస్తోంది. ఇన్‌పుట్ ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వేసి స్విచ్ నొక్కే రకం మెకానిక్కులు ఉన్నారు, వాళ్ల గురించి ఇంకో కరపత్రం రాయాలి. ఫ్యూజు ఊరికే పోదు. మీటర్ బీప్‌లో పెడితే లైను నేరుగా గ్రౌండ్‌కు తగులుతోంది. సప్లై నుంచి ఒక్క వోల్టు ఎక్కించి, బోర్డు మీద స్పిరిట్ పూసి చూశాను. ఎక్కడ ముందు ఆరితే అక్కడే షార్ట్. చిప్ వైరు పక్కన రెండు కాళ్లను కలిపేస్తూ ఆవగింజంత సోల్డర్ బొట్టు. తీసేశాను. లేచిన ప్యాడ్‌కు సన్న వైరుతో జంపర్ వేశాను. కొత్త ఫ్యూజు పెట్టాను. స్టాండ్‌బై లైటు వెలిగింది! పిల్లాడి ముఖం కూడా.

పవర్ నొక్కితే రెండు సెకన్లలో ఆరిపోయింది.

భూతద్దం పెట్టి వెతికితే దొరికింది: ఐరన్ తగిలి ఒక సిరామిక్ కెపాసిటర్ ఎగిరిపోయింది. బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. ఇలాంటి వాటి మీద విలువ రాసి ఉండదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అది కొన్ని పైసలకే దొరుకుతుంది, విలువ చెప్పగలిగితే. ఆ విలువ రాసి ఉన్నది ఒక్క కాగితం మీద. ఆ కాగితం, అంటే బోర్డు బొమ్మ, కంపెనీ బీరువాలో ఉంది.

నా కోపమంతా ఆ కాగితం మీదే. వేల రూపాయల డబ్బా పైసల ముక్క లేక ఆగలేదు, ఆ ముక్క ఎంతో చెప్పని మొండితనం వల్ల ఆగింది. వాల్వు రేడియోల కాలంలో వెనక అట్ట లోపలే సర్క్యూట్ బొమ్మ అంటించి ఇచ్చేవాళ్లు. ఆపిల్ 2 కంప్యూటర్ మాన్యువల్‌లో బోర్డు బొమ్మ మొత్తం అచ్చువేశారు. 1981లో ఐబీఎం తన పీసీకి సర్క్యూట్ బొమ్మలతో పాటు బయోస్ ప్రోగ్రామును కూడా పుస్తకంగా అమ్మింది. ఆ కంపెనీలేమీ అందువల్ల మునిగిపోలేదే! కొన్నవాడిని దొంగలా చూడటం ఆ తర్వాత పుట్టిన జబ్బు.

దొంగ అంటే గుర్తొచ్చింది. మోడ్ చిప్ అనగానే పైరసీ అంటారు. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన "హనుమాన్: బాయ్ వారియర్" మన హైదరాబాద్‌లో తయారైన ఆట. బావగారు అమెరికా నుంచి తెచ్చిన ప్లేస్టేషన్ 2లో ఇక్కడి దుకాణంలో కొన్న ఆ డిస్కు ఆడదు, రీజియన్ తాళం. డబ్బాకూ డబ్బు కట్టారు, డిస్కుకూ కట్టారు. ఇది దొంగతనమా? 2005లో ఆస్ట్రేలియా హైకోర్టు, అదే అక్కడ అత్యున్నత న్యాయస్థానం, మోడ్ చిప్ అమ్మిన మనిషి పక్షానే తీర్పిచ్చింది. 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు, స్టిక్కర్ చిరిగితే వారంటీ లేదనే లాంటి షరతుల మీదే, హెచ్చరిక లేఖలు పంపింది. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ అందులో ఉన్నాయి.

అయినా కంపెనీలకు సిగ్గు లేదు. 2023లో కాలిఫోర్నియా, మిన్నెసోటా రిపేరు హక్కు చట్టాలు చేశాయి. రెండింటిలోనూ గేమ్ కన్సోల్‌కు మినహాయింపు! ఫోను బొమ్మ ఇవ్వాలట, కన్సోల్ బొమ్మ అక్కర్లేదట. ఎవరు అడిగి ఇప్పించుకున్నారో వేరే చెప్పాలా?

మన దగ్గర 2022 జులైలో రిపేరు హక్కు మీద కేంద్రం కమిటీ వేసి వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. ఆ ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. పోర్టల్ చట్టం కాదు. ఆ నాలుగు పేర్లలో గేమ్ కన్సోల్ అన్న మాటే లేదు. "గృహోపకరణాల్లో వస్తుంది లెండి" అనేవాళ్లు ఆ తండ్రితో సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఆ మాట అనాలి.

డబ్బా విప్పితే షాక్ కొడుతుందంటారా? కొడుతుంది. బొమ్మ లేకుండా తడుముకుంటే ఇంకా కొడుతుంది. వ్యాపార రహస్యమంటారా? కెపాసిటర్ విలువలో ఏ రహస్యముందో నాకు చూపించండి.

చట్టం రావాలి. అందులో కన్సోల్ పేరు ఉండాలి. బోర్డు బొమ్మ, ముక్కల విలువలు మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజే ఎవరికైనా దొరకాలి. విప్పిన డబ్బా అయినా, మోడ్ చేసిన డబ్బా అయినా, డబ్బు తీసుకుని చేసే రిపేరుకు కాదనకూడదు. వారంటీ పోతే పోనివ్వండి, దాని గురించి నేను కొట్లాడను.

అంతవరకు ఒక పని చేయండి. సర్వీస్ సెంటర్ కాదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమని నిలబడండి. రాయనంటే అక్కడి నుంచే 1915కు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. చచ్చిన బోర్డులను పాత ఇనుప సామాన్లవాడికి కిలోల్లెక్కన వేయకండి. మీకు దగ్గర్లో ఏ మెకానిక్ ఉంటే అతనికి ఇవ్వండి. ఒక బోర్డులో పోయిన ముక్క విలువ ఇంకో బోర్డులో ఉంటుంది, తీసి మీటర్ మీద కొలుచుకుంటాం.

ఆ పిల్లాడి డబ్బా ఇంకా నా బల్ల కిందే ఉంది. ఆదివారం ఆదివారం వచ్చి, "అంకుల్, అదే మోడల్ స్క్రాప్ ఏదైనా వచ్చిందా?" అని అడిగి పోతున్నాడు.