ట్రెడ్‌మిల్ కన్నా బూట్లు నయం

సంపాదకులకు,

లావున్న అమ్మానాన్నలకు ట్రెడ్‌మిల్ కొనివ్వమన్న మీ ఆదివారం వ్యాసంతో నేను ఏకీభవించను. మా వీధిలో అవి తువ్వాళ్లు ఆరేసుకోవడానికే పనికొస్తున్నాయి. హవాయి చెప్పులతో పార్కుకొచ్చే అమ్మకు ముందు కావాల్సింది వేళ్ల దగ్గర వెడల్పుగా, మడమ దగ్గర గట్టిగా ఉండే బూట్లు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక, ఆమెనే వెంటబెట్టుకెళ్లి కొనండి. చీర మీదకు బాగుండవంటుంది, పట్టించుకోకండి! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల వ్యాయామం లెక్క మొదటి రోజే తీయొద్దు. 10 నిమిషాల నడక చాలు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చునే కాళ్లు చాపి ముడవొచ్చు. బీపీ, షుగరు ఉంటే డాక్టరును అడిగాకే మొదలుపెట్టించండి. బరువు తూచే మిషన్ మాత్రం పుట్టినరోజుకు ఇవ్వకండి, అది దెప్పిపొడుపే.

- ఒక పాఠకురాలు, వరంగల్