హాష్ బాష్ నుంచి పాడేరు దాకా: గంజాయి కేసుల్లో ఎవరున్నారు?

మిషిగన్ విశ్వవిద్యాలయం ఆన్ ఆర్బర్ క్యాంపస్ మధ్యలో డయాగ్ అనే ఖాళీ ఆవరణ ఉంది. ఏప్రిల్ మొదటి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ వేల మంది పోగై, గంజాయిని నేరాల జాబితాలోంచి తీసేయాలని సభ జరుపుతారు. 1972లో మొదలైన ఈ సభ పేరు హాష్ బాష్. లైబ్రరీ మెట్ల మీద నుంచి గంటసేపు ప్రసంగాలు, పాటలు. తర్వాత జనం గుంపులు గుంపులుగా పక్కనున్న మన్రో వీధికి నడుస్తారు. అక్కడ సాయంత్రం దాకా తిరునాళ్లే: ఆకు బొమ్మల టీషర్టులు, తినుబండారాల బండ్లు, గంజాయి కంపెనీల గుడారాలు.

ఆ సభకు నేనూ వెళ్లాను. నేను గంజాయి తాగను. పంచశీలలో అయిదోది మత్తుకు దూరంగా ఉండమంటుంది. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం ముట్టనన్న మాట ఉంది. మరి అక్కడ నీకేం పని అని ఇంటి నుంచి ఫోన్‌లో అడిగారు. సబబైన ప్రశ్నే. ఈ సంపాదకీయం దానికి జవాబు.

హాష్ బాష్ పుట్టుక పొగతో కాదు, జైలుతో ముడిపడి ఉంది. 1967 జనవరిలో డెట్రాయిట్‌లో జాన్ సింక్లెయిర్ అనే కవి, మారువేషంలో ఉన్న పోలీసులకు రెండు గంజాయి సిగరెట్లు ఇచ్చాడని పట్టుబడ్డాడు. 1969లో అతనికి తొమ్మిదిన్నర నుంచి పదేళ్ల శిక్ష పడింది. అతను శ్వేతజాతీయుడు. బ్లాక్ పాంథర్లకు తోడుగా తెల్లవాళ్లు ఏం చేయగలరన్న ప్రశ్నకు హ్యూయీ న్యూటన్ ఇచ్చిన జవాబు పట్టుకుని, 1968లో వైట్ పాంథర్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకడు. (బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది కూడా 1972లోనే. రెండింటికీ నేరుగా సంబంధం లేదు గానీ, ఇద్దరూ చూసి నేర్చుకున్నది ఆ నల్ల చిరుతపులుల దగ్గరే.) 1971 డిసెంబర్ 10న ఆన్ ఆర్బర్‌లో అతని విడుదల కోసం భారీ సభ జరిగింది. జాన్ లెనన్, యోకో ఓనో, స్టీవీ వండర్ వచ్చి పాడారు, బాబీ సీల్ మాట్లాడాడు. మూడు రోజుల్లో సింక్లెయిర్ బయటికొచ్చాడు. 1972 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన ఏప్రిల్ 1న, దానికి నిరసనగా డయాగ్‌లో జనం చేరారు. అదే మొదటి హాష్ బాష్.

ఈ కథ ఆన్ ఆర్బర్‌లో అందరికీ తెలుసు. అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న ఫ్లింట్ పట్టణపు మైకేల్ థామ్సన్ కథ అంతమందికి తెలియదు. అతను నల్లజాతీయుడు. 1990ల్లో మూడు పౌండ్ల గంజాయి ఒక ఇన్ఫార్మర్‌కు అమ్మాడన్న కేసు. ఇంట్లో దొరికిన తుపాకులను, పాత శిక్షలను దానికి కలిపి 40 ఏళ్లకు పైగా జైలు వేశారు. 2018 నవంబర్‌లో మిషిగన్ ప్రజలు ఓటు వేసి గంజాయిని చట్టబద్ధం చేశారు. 2019 డిసెంబర్ 1న దుకాణాలు తెరిచారు. ఆ మొదటి రోజు ఆన్ ఆర్బర్‌లో కొన్నవాళ్లలో సింక్లెయిర్ కూడా ఉన్నాడు. థామ్సన్ మాత్రం అప్పటికి ఇంకా లోపలే ఉన్నాడు. గవర్నర్ శిక్ష తగ్గించాక 2021 జనవరిలో విడుదలయ్యాడు. కవి జైల్లో గడిపింది రెండున్నరేళ్లలోపు, థామ్సన్ గడిపింది పాతికేళ్లు.

ఇది ఇద్దరు వ్యక్తుల తేడా మాత్రమే కాదు. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013లో దేశమంతటి అరెస్టుల లెక్కలు తీసింది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఇంచుమించు ఒకే స్థాయిలో గంజాయి వాడుతున్నా, దగ్గర పెట్టుకున్న నేరానికి అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్లకు 3.73 రెట్లు ఎక్కువని తేలింది. చట్టబద్ధం అయ్యాక ఏమైంది? 2023లో మిషిగన్‌లో గంజాయి అమ్మకాలు 300 కోట్ల డాలర్లు దాటాయి. రాష్ట్ర జనాభాలో నల్లవాళ్లు 14 శాతం దాకా ఉంటారు. 2020 చివర రాష్ట్ర నియంత్రణ సంస్థ చెప్పిన లెక్క ప్రకారం, లైసెన్సు ఉన్న వ్యాపారాల్లో వాటా ఉన్నవాళ్లలో నల్లవాళ్లు 4 శాతం కూడా లేరు. జైలుకు పోయినవాళ్లు ఒకరు, దుకాణం పెట్టినవాళ్లు మరొకరు. మన్రో వీధి గుడారాల మధ్య తిరుగుతుంటే నాకు ఈ లెక్కే మెదిలింది.

ఆ తిరునాళ్లలో కొందరు తెలుగు విద్యార్థులు కనిపించారు. దూరంగా నిలబడి చూస్తున్నారు. దూరమే మంచిది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం దృష్టిలో గంజాయి నేరమే, వీసా మీద ఉన్నవాళ్లు చదువే పోగొట్టుకోవచ్చు. ఆ క్యాంపస్‌లో కూడా, కేంద్రం నిధులు పోతాయని, విశ్వవిద్యాలయం దాన్ని నిషేధించే ఉంచింది. వాళ్లలో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మన దగ్గర ఇలాంటిది ఎప్పుడొస్తుంది?"

మన దగ్గర కొందరికి ఎప్పుడో వచ్చింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అంటే మొక్క పూత, కాయ కొసలని చెప్పింది. కొసలు లేకుండా ఉన్న ఆకులనూ గింజలనూ ఆ నిర్వచనంలోంచి తప్పించింది. అందుకే హోలీకి, శివరాత్రికి నూరే భాంగ్ ఈ చట్టం కిందికి రాదు. ఉత్తరాదిన దానికి సర్కారు లైసెన్సు దుకాణాలే ఉన్నాయి. అదే మొక్క. ఆకును నూరి తాగితే ఆచారం, పూతను మూట కట్టి కొండ దిగితే పదేళ్లు. వృక్షశాస్త్రంలో ఆకుకూ పూతకూ తేడా ఉంది, మత్తు తీవ్రతలోనూ ఉంది, కాదనను. కానీ ఆ గీత ఎవరి ఇంటి ముందు నుంచి పోయిందో కూడా చూడాలి.

గంజాయి 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. శిక్ష కనీసం పదేళ్లు, ఇరవై దాకా పోవచ్చు. సెక్షన్ 37 ప్రకారం, నిందితుడు దోషి కాదని నమ్మడానికి తగిన ఆధారం ఉందని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిలు రాదు. విచారణ మొదలు కాకముందే నిర్దోషిత్వం చూపించుకోవాలన్నమాట. సెక్షన్ 35, 54 మరో అడుగు ముందుకేసి, సరుకు దొరికితే ఉద్దేశం కూడా ఉన్నట్టే అనుకోమంటాయి. మూట ఎవరిదో, పెట్టుబడి ఎవరిదో కూలీ చెప్పగలిగినా ఆ మాటకు విలువ తక్కువ.

ఇప్పుడు పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు చూడండి. పెట్టుబడి మైదానం నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వస్తుంది. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి ఆదివాసీ పేరునే ఉంటుంది. అందుకే కేసు కూడా ఆదివాసీ పేరునే పడుతుంది. కొండదారి వెంట మోసే పిల్లవాడూ ఆదివాసీయే. 2021 చివర మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తనలో ప్రభుత్వం వేల ఎకరాల తోటలు నరికించింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయిని ఒకే చోట తగలబెట్టింది. ఆ మంట ఫొటోలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. ఆ సరుకుకు డబ్బు పెట్టినవాళ్ల ఫొటోలు రాలేదు. కాఫీకి, రాజ్మాకు, పసుపుకు గిట్టుబాటు ధర దొరికిన ఊళ్లలో గంజాయి తనంతట తనే తగ్గుతుందని ఏజెన్సీలో ఎవర్ని అడిగినా చెబుతారు.

పరిశోధక విద్యార్థులకు ఒక మాట. అమెరికాలో 3.73 అనే అంకె ఎలా వచ్చింది? అరెస్టు చేసిన ప్రతి మనిషి జాతినీ అక్కడి పోలీసు రికార్డు రాసుకుంటుంది కాబట్టి వచ్చింది. మన జైలు గణాంకాలు ఖైదీల్లో దళితులు, ఆదివాసీలు, బీసీలు ఎందరో చెబుతాయి, కలిపితే మూడింట రెండొంతుల దాకా ఉంటారు. మొత్తం ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు శిక్ష పడని విచారణ ఖైదీలే. కానీ ఎన్‌డీపీఎస్ కింద ఏ కులం వాళ్లు ఎందరన్నది ఆ ఏటేటి పుస్తకాల్లో ఉండదు. జిల్లా కోర్టుల తీర్పులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, సమాచార హక్కు ఉంది. ఒక పీహెచ్‌డీకి సరిపడా పని ఇది.

మత్తు నిషేధం గురించి బాబాసాహెబ్ ఏమన్నారని కొందరు అడుగుతారు. 1948 నవంబర్ 24న రాజ్యాంగ సభలో, నేటి 47వ అధికరణంలోకి మద్యం, మత్తు పదార్థాల నిషేధాన్ని చేర్చే సవరణ వచ్చింది. జైపాల్ సింగ్ ముండా లేచి అభ్యంతరం చెప్పారు. బియ్యం బీరు ఆదివాసీ ఆచారంలో భాగమనీ, అది లేకుండా సంథాలుల చేత వరినాట్లు వేయించలేరనీ వాదించారు. అంబేడ్కర్ సవరణను అంగీకరించారు. అంగీకరిస్తూనే రెండు విషయాలు చెప్పారు. ఇది ఆదేశిక సూత్రం మాత్రమే, ఎప్పుడు ఎలా అమలు చేయాలన్నది రాజ్యం ఇష్టం. రెండోది, ఆదివాసీ ప్రాంతాల కోసం షెడ్యూళ్లలో పెట్టిన రక్షణలను చదవమన్నారు. మత్తు వద్దనడానికీ, మత్తు పేరుతో ఒక జాతిని జైల్లో పెట్టడానికీ మధ్య ఎడం ఆ రోజు చర్చలోనే ఉంది.

అలాగని వీధివీధికీ గంజాయి దుకాణం రావాలని ఈ పత్రిక కోరదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పేద ఆడవాళ్లు సారా పాటను ఆపించిన చరిత్ర మనది. ప్రభుత్వమే అమ్మకందారు అయితే పేదవాడి కూలి ఎటు పోతుందో ఆ తల్లులకు తెలుసు. కాలేజీ పిల్లలు మత్తులో పాడవుతున్నారన్న తల్లిదండ్రుల భయం కూడా కట్టుకథ కాదు. ఆ పిల్లలకు కావలసింది చికిత్స. చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది, స్వయంగా చికిత్సకు వచ్చే బానిసను శిక్ష నుంచి తప్పిస్తుంది. దాన్ని వాడే ఠాణాలు ఎన్ని?

2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేసినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఉత్తరాఖండ్ పారిశ్రామిక జనపనార సాగుకు లైసెన్సులిస్తోంది, హిమాచల్ ఆ దారిలోనే ఉంది. రేపు ఆంధ్రలోనూ కంపెనీలు దరఖాస్తులు పెడతాయి. అప్పుడు ఏజెన్సీ భూమిని వాళ్లకు లీజుకివ్వాలన్న మాట వస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సమతా తీర్పు చెప్పింది. 1/70ని, ఆ తీర్పును ముట్టకుండా, సాగు హక్కు ఏదైనా వస్తే గిరిజన సహకార సంఘాలకే రావాలి. అంతకంటే ముందు, కూలికి మోసిన వాళ్ల కేసులను తిరగదోడి విడుదల చేయాలి. మిషిగన్ దుకాణాలు ముందు తెరిచి ఖైదీల సంగతి తర్వాత చూసింది. ఆ వరసను మనం తిప్పి రాసుకోవాలి.

హాష్ బాష్‌లో కలిసిన తమ్ముడికి ఇదంతా చెప్పే సమయం లేదు. నీది ఏ ఊరని అడిగాను. నర్సీపట్నం అన్నాడు. ఆ ఊరి కోర్టులో వాయిదాలకు కొండ దిగివచ్చే వాళ్లను నువ్వు చూసే ఉంటావే అన్నాను. చూశానన్నాడు, బస్టాండులో.