రాయితీ సరే, రసీదు సంగతేమిటి?

జిమ్‌లు, యోగా కేంద్రాలు, హెల్త్ క్లబ్బుల సేవలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పదివేల చందాపై పన్ను 1,800 నుంచి 500 రూపాయలకు తగ్గినా, సభ్యుడికి 1,300 మిగులుతాయని నమ్మడం అమాయకత్వం. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రద్దవడంతో అద్దె మీద, ట్రెడ్‌మిల్ మీద కట్టిన పన్నును యజమాని ఇక సర్దుబాటు చేసుకోలేడు. ఆ భారంలో కొంతైనా చందాలోకి చేరక మానదు. ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటని వీధి చివరి జిమ్‌కైతే ఈ రాయితీతో నిమిత్తమే లేదు. సభ్యుణ్ని అసలు దెబ్బతీస్తున్నది పన్ను కాదు, ఏడాది చందా ముందే గుంజే పద్ధతి. జనవరిలో భారీ తగ్గింపంటూ ఫ్లెక్సీ కట్టిన క్లబ్బు జూన్‌లో షట్టరు దించితే, చేతిలో మిగిలేది ‘చెల్లించిన సొమ్ము వాపసు లేదు’ అని చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేసిన రసీదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత ఒప్పందాలను ప్రశ్నించనిస్తుంది గానీ, ఆ విచారణాధికారం జిల్లా కమిషన్లకు ఇవ్వలేదు. రాష్ట్ర కమిషన్‌ మెట్లెక్కాలి. కొన్ని వేల కోసం అంత దూరం వెళ్లేదెవరు? నెలవారీ చెల్లింపును ప్రతి క్లబ్బూ తప్పక ఇవ్వాలని, మూతపడితే మిగిలిన నెలల సొమ్ము తిరిగి చెల్లించాలని రెండు తెలుగు రాష్ట్రాలూ లైసెన్సు షరతుల్లోనే చేర్చాలి.