పడవ మోతకు హద్దేదీ?
ఒడ్డున చట్టం ఉంది.. నదిలో కొలత లేదు

అమరావతి: 2018 నవంబరు 16 నుంచి 18 వరకు విజయవాడ పున్నమి ఘాట్ వద్ద కృష్ణానదిలో ఫార్ములా-1 పవర్‌బోట్ పోటీలు జరిగాయి. రాజధాని పేరును ప్రపంచానికి చాటాలన్న సంకల్పంతో ఒక జట్టుకు అమరావతి పేరే పెట్టారు. గంటకు 200 కిలోమీటర్లు మించిన వేగంతో దూసుకుపోయిన ఆ పడవల మోత మూడు రోజులతో సద్దుమణిగింది. నదిలో నిత్యం తిరిగే ఇంజను పడవల మోత అలా సద్దుమణిగేది కాదు. అమరేశ్వరుని సన్నిధి, స్నానఘట్టాలు, ధ్యానబుద్ధ విగ్రహం ఒకే తీరాన ఉన్న అమరావతిలో పడవ మోతకు హద్దు ఎంత, దాన్ని కొలిచేదెవరు అన్న ప్రశ్నలు ఇప్పటికీ మిగిలే ఉన్నాయి.

ఒడ్డు వరకే నిబంధన

శబ్దాన్ని వాయు కాలుష్యంలో భాగంగా పరిగణిస్తూ 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టాన్ని 1987లో సవరించారు. 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. వాణిజ్య ప్రాంతంలో ఇవి 65, 55 కాగా, నిశ్శబ్ద మండలంలో 50, 40. పరిమితిని 10 డెసిబెళ్లు లేదా అంతకు మించి దాటితే ఎవరైనా అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇవన్నీ పరిసరాలకు సంబంధించిన హద్దులు. మోత పుట్టించే యంత్రాలకు హద్దులు వేరుగా ఉంటాయి. కల్యాణ మండపం వెనుక నడిచే డీజిల్ జనరేటరు 1000 కేవీఏ సామర్థ్యం వరకు మీటరు దూరంలో 75 డెసిబెళ్లు దాటకూడదు. అందుకే దానికి ఉక్కు గది తొడిగి అమ్ముతున్నారు. దాదాపు అటువంటి డీజిల్ ఇంజనునే పడవలో బిగించి పొగగొట్టాన్ని నేరుగా గాలిలోకి వదిలితే జనరేటరు కొలత దానికి వర్తించదు. మోత ఒక్కటే అయినా నేల మీద ఒక న్యాయం, నీటి మీద మరొక న్యాయంగా ఉంది.

విదేశాల్లో కొలత ఇలా

ఐరోపా దేశాల్లో విహార పడవల మోతను పడవ సాగిపోతుండగా 25 మీటర్ల దూరం నుంచి కొలుస్తారు. ఇంజను శక్తి 10 కిలోవాట్ల లోపు ఉంటే 67, 10 నుంచి 40 వరకు 72, ఆపైన 75 డెసిబెళ్లు పరిమితి. కేవలం పందెం కోసం తయారైన పడవలకు మినహాయింపు ఉంది. అమెరికాలో పలు రాష్ట్రాలు మరో మార్గం పట్టాయి. నిలిపి ఉంచిన పడవకు మీటరు దూరంలో మైకు పెట్టి ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా కొలవడం ఒకటి. ఒడ్డునే నిలబడి ప్రయాణించే పడవ మోతను కొలవడం రెండోది. ఒడ్డు కొలతలో హద్దు 75 డెసిబెళ్లు. ఈ పద్ధతిలో పడవను ఆపాల్సిన పని లేదు. దూరం లెక్క కూడా అక్కర్లేదు.

కొలతకు కొన్ని జాగ్రత్తలు తప్పవు. ప్రమాణాలకు తగిన శబ్దమాపకం కావాలి. వాడే ముందు, వాడిన తర్వాత దాన్ని సరిచూడాలి. గాలి జోరుగా వీచే వేళ కొలవరాదు. చుట్టుపక్కల శబ్దం పడవ మోత కన్నా కనీసం 10 డెసిబెళ్లు తక్కువగా ఉండాలి. సెల్‌ఫోన్‌లో కనిపించే అంకె ఒక అంచనాకు పనికొస్తుందే తప్ప కేసుకు నిలవదు.

దూరం రెట్టింపైతే మోత సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 25 మీటర్ల వద్ద 75 ఉన్న మోత 100 మీటర్ల వద్ద 63 అవుతుంది. అడ్డు లేని నీటిపై, చల్లని వేకువ వేళ అది ఇంకా దూరం పాకుతుంది. అయితే నివాస ప్రాంతపు 55 డెసిబెళ్లు కొంత కాలవ్యవధిలో తీసే సగటు. పడవ కొలత అది దాటే క్షణంలోని గరిష్ఠం. ఒక పడవ ఒకసారి దాటినంత మాత్రాన ఉల్లంఘన కాదు. పండుగ నాడు పదులకొద్దీ పడవలు తిరిగితే సగటే పెరుగుతుంది.

గొట్టంలోనే కిటుకు

ఇంజనులో మండిన వాయువు ఒత్తిడితో ఒక్కసారిగా బయటపడటమే మోతకు ప్రధాన కారణం. దీనికి విరుగుడు పడవ అడుగునే ఉంది. ఇంజనును చల్లబరిచిన నీటిని పొగగొట్టంలోకి చిమ్మితే వేడి వాయువు చల్లారి కుంచించుకుపోతుంది, మోత అణుగుతుంది. ఆ నీటినీ పొగనూ ఒక తొట్టి ద్వారా బయటకు పంపే సైలెన్సర్లు సముద్రపు పడవల్లో చిరకాలంగా ఉన్నవే. వెనుక తగిలించే ఔట్‌బోర్డు మోటార్లలో పలు రకాలు పొగను ఫంకా నడుమ నుంచి నీటి అడుగుకే వదులుతాయి.

పాత ఇంజనుకు ఈ ఏర్పాటు చేసేటప్పుడు నిపుణుడి పర్యవేక్షణ తప్పనిసరి. గొట్టం ఎత్తు తప్పితే నీరు వెనక్కి మళ్లి ఇంజనులోకి చేరుతుంది. సన్నని గొట్టం బిగిస్తే పొగకు దారి చాలక ఇంజను శక్తి పడిపోతుంది. అతుకులు వదులైతే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ప్రయాణికుల మధ్యకు వస్తుంది. గొట్టం అణిగినా ఇంజను ఒళ్లు మోగుతూనే ఉంటుంది కనుక, గాలి ఆడే సందులు వదిలి లోపల శబ్దాన్ని పీల్చే పొర అతికించిన పెట్టె కూడా కావాలి.

ముందుగా చెడేది సరంగు చెవి

మోత నష్టం తీరవాసుల నిద్రతో ఆగదు. కర్మాగారాల్లో 8 గంటల పనికి 90 డెసిబెళ్లను గరిష్ఠ హద్దుగా పాటిస్తారు. ఇంజను పక్కనే రోజంతా కూర్చునే సరంగుకు అటువంటి లెక్క కట్టేవారు లేరు. మోతలో ప్రయాణికుడి కేక అతనికి వినబడదు, అతని హెచ్చరిక ప్రయాణికులకు వినబడదు. ఆపదలో ఆ కొద్ది క్షణాలే కీలకం.

2017లో పవిత్ర సంగమం వద్ద, 2019లో కచ్చులూరు వద్ద జరిగిన ఘోర ప్రమాదాల తర్వాత పడవల తనిఖీ అంటే లైఫ్ జాకెట్లు, ప్రయాణికుల సంఖ్య, అనుమతి పత్రాలు గుర్తుకొస్తాయి. అది సమంజసమే. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం సర్వే, రిజిస్ట్రేషన్లతో పాటు కాలుష్య నివారణకూ ఒక అధ్యాయం కేటాయించింది. పడవను సర్వేకు తెచ్చిన నాడే మీటరు దూరంలో ఒక మైకు పెట్టి అంకె నమోదు చేస్తే అదనపు భారం స్వల్పం.

పుష్కరాల లోపే

ముందుగా విహార పడవలను, విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు సాగే లాంచీలను, బల్లకట్టులను లాగే ఇంజను పడవలను కొలవాలి. ఒక ఏడాది లెక్కలు చేతికి వచ్చాకే హద్దు నిర్ణయించాలి. చేపల వేటపై బతికేవారికి గడువు, సైలెన్సరు ఖర్చులో సాయం ఇవ్వాలి. కొలవకుండా జరిమానా వేస్తే అది వేధింపుగానే మిగులుతుంది. కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి, మళ్లీ 2028లో రానున్నాయి. లక్షలాది జనం రేవుల్లో నిలిచే ఆ రోజుల్లో మైకుల ప్రకటనలు పడవల మోతలో మునిగిపోకుండా చూడాలంటే కొలత ఇప్పుడే మొదలుకావాలి.